దించిన గిన్నెలో సాగే వంట

గంజి వార్చి అన్నం వండే ఇళ్లలో ‘ఉమ్మగిల్లడం’ అన్న మాట ఇంకా వినిపిస్తుంది. మెతుకు ముప్పాతిక వంతు ఉడికిందనగానే సిబ్బి పట్టి గంజి వార్చేస్తారు. తరువాత ఆ గిన్నెను కట్టెలు లాగేసిన పొయ్యి మీదనో, వేడి బూడిద మీదనో మూత పెట్టి వదిలేస్తారు. కింద మంట ఉండదు. పావుగంట పోయాక మూత తీస్తే మెతుకులోని పలుకు పోయి, అన్నం మెత్తగా, విడివిడిగా ఉంటుంది. తన వేడితో తానే, తన ఆవిరిలో తానే ఉడకడమన్న మాట. పాలు కాచే దాలి కూడా ఇలాంటిదే. నివురు కప్పిన పిడకల సెగ మీద కుండ పూటంతా కూర్చుంటుంది. పాలు ఎర్రబడి, పైన వేలెడు మందాన మీగడ కడుతుంది.

గ్యాసు పొయ్యి వచ్చాక ఈ చివరి ఘట్టం కనబడకుండా పోయింది. మంట పెంచడం, తగ్గించడం, ఆపడం మూడూ ఒకే మరలోకి వచ్చాయి కనుక, పదార్థం పూర్తిగా తయారయ్యే దాకా కింద మంట ఉండవలసిందే అన్న అలవాటు స్థిరపడింది. మంటా వంటా ఒకటే అయిపోయాయి. నిజానికి వాటి పనులు వేరు. పదార్థం మరిగాక మంట ఆపి, గిన్నెను బొంతలోనో, బట్టలు కుక్కిన పెట్టెలోనో చుట్టి పెడితే మిగిలిన వంట ఆ నిలవ వేడితోనే సాగుతుంది. ఆ తేడాను లెక్క కట్టి చూస్తే హైదరాబాదులోని ఒక మామూలు వంటింట్లో ఎంత గ్యాసు మిగులుతుందో తెలుస్తుంది. ఎక్కడ ఏమీ మిగలదో కూడా తెలుస్తుంది. ఈ రెండోదాన్ని దాచకుండా చెప్పడం అవసరం. ఇంధన పొదుపు గురించి ప్రచారమయ్యే మాటల్లో అతిశయోక్తి పాలు ఎప్పుడూ కాస్త ఎక్కువే.

నలుగురున్న ఇంట్లో ఒక పూటకు అరకిలో బియ్యం, లీటరు నీళ్లు అనుకుందాం. కుళాయి నీళ్లు 28 డిగ్రీల దగ్గర ఉన్నాయి. హైదరాబాదు సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైన ఉంది కాబట్టి ఇక్కడ నీళ్లు 100 డిగ్రీల దాకా పోకుండా 98 డిగ్రీల పైచిలుకులోనే మరుగుతాయి. అంటే 70 డిగ్రీలు పెంచాలి. దానికి నీళ్లు 293 కిలోజౌళ్లు, బియ్యం 60, స్టీలు గిన్నె మరో 25 తీసుకుంటాయి. మొత్తం 380 అనుకోవచ్చు. ఒక గ్రాము ఎల్‌పీజీ కాలితే సుమారు 46 కిలోజౌళ్ల వేడి పుడుతుంది. ఇంటి పొయ్యిలకు భారతీయ ప్రమాణాల సంస్థ నిర్దేశించిన కనీస సామర్థ్యం 68 శాతం. అది ప్రయోగశాలలో, తగిన పాత్రతో కొలిచేది. ఇంట్లో గిన్నె చిన్నదై మంట పక్కల నుంచి ఎగబాకుతుంది, కిటికీ గాలి తగులుతుంది, బర్నరు రంధ్రాల్లో పొంగిన పాలు ఎండిపోయి ఉంటాయి. ఇన్నింటి మధ్య 55 శాతం దక్కితే సంతోషించాలి. ఆ లెక్కన గ్రాము గ్యాసు నుంచి గిన్నెకు అందేది 25 కిలోజౌళ్లు. ఎసరు, బియ్యం కలిపి మరిగే దాకా తేవడానికి ఖర్చు 15 గ్రాములు.

చూడవలసింది ఇక్కడి నుంచి. నీళ్లు ఒకసారి మరిగాక ఎంత పెద్ద మంట పెట్టినా వాటి వేడి ఒక్క డిగ్రీ కూడా పెరగదు. అదనంగా ఇచ్చినదంతా నీటిని ఆవిరి చేయడానికే పోతుంది, ఆవిరికి కావలసిన శక్తి మామూలుది కాదు. లీటరు నీటిని కుళాయి వేడి నుంచి మరిగే దాకా తేవడానికి పట్టేదానికి ఏడు రెట్లకు పైగా, అదే లీటరును పూర్తిగా ఆవిరి చేయడానికి పడుతుంది. మూత తీసి కుతకుతమని ఉడికిస్తే పావు లీటరు నీళ్లు ఎగిరిపోవడం పెద్ద విషయం కాదు. దాని ఖరీదు 560 కిలోజౌళ్లు, అంటే 22 గ్రాముల గ్యాసు. బియ్యాన్ని మరుగుకు తెచ్చిన ఖర్చు కంటే వంటింటి గోడలను చెమర్చిన ఖర్చు ఎక్కువన్న మాట.

మరి ఉడకడానికి అయ్యే ఖర్చెంత? బియ్యంలోని పిండిపదార్థం నీరు పీల్చుకుని, ఉబ్బి, మెత్తబడటమే అన్నం ఉడకడం. రకాన్ని బట్టి 65 నుంచి 80 డిగ్రీల మధ్య ఈ మార్పు జరుగుతుంది. అరకిలో బియ్యానికి ఇందుకు పట్టే శక్తి 5 కిలోజౌళ్ల చుట్టుపక్కలే, గ్రాము గ్యాసులో అయిదో వంతు. ఈ ఒక్క అంకె దగ్గర కాసేపు ఆగాలి. ఉడికే పదార్థానికి కావలసింది తగిన వేడిలో తగినంత సేపు ఉండటం. ఆ వేడిని మొదట ఒకసారి ఇవ్వాలి, తరువాత పోకుండా కాపాడాలి. కాపాడే పనిని మంటకు అప్పగిస్తే అది చిల్లు కుండలో నీళ్లు పోస్తూ ఉండటమే. చిల్లు మూసే పని బొంత చేస్తుంది.

మూత పెట్టి, సన్నసెగ మీద పావుగంట ఉంచితే ఆవిరికీ గిన్నె గోడల నుంచి పోయే వేడికీ కలిపి 12 గ్రాముల దాకా అవుతుంది. అదే గిన్నెను రెండు మూడు నిమిషాలు బాగా మరగనిచ్చి, పొయ్యి ఆపి, బొంతలో చుట్టి ముప్పావుగంట వదిలేస్తే దాదాపు 10 గ్రాములు మిగులుతాయి. రెండు పూటలకు 20 గ్రాములు. నెలకు 600 గ్రాములు, 14.2 కిలోల సిలిండరులో నాలుగు శాతం. నెలన్నర వచ్చే సిలిండరు మరో మూడు రోజులు వస్తుంది. పెద్ద మంట మీద, మూత లేకుండా వండే అలవాటున్న ఇంట్లో ఇది రెట్టింపు కావచ్చు. అయితే అలాంటి ఇంట్లో ఆ పొదుపులో ఎక్కువ భాగం కేవలం మూత పెట్టినందుకు వచ్చేదే. పెట్రోలియం పొదుపు కోసం 1978లో ఏర్పడిన పీసీఆర్ఏ సంస్థ ఏళ్ల తరబడి చెబుతున్నదీ ఇంతే: మూత పెట్టండి, మరిగాక మంట తగ్గించండి, పప్పులు నానబెట్టండి. ఆ సలహాల్లో మెరుపులేమీ లేవు గాని పొదుపులో సింహభాగం వాటిదే.

వేడిని బంధించి వండటం హైదరాబాదుకు ఎవరూ వచ్చి నేర్పవలసిన విద్య కాదు. దమ్ బిర్యానీ అంటే అదే. డేగిసా మూత చుట్టూ గోధుమపిండి ముద్ద అంటించి, కింద సెగ తగ్గించి, మూత మీద నాలుగు నిప్పులు వేసి, లోపలి ఆవిరి బయటికి పోకుండా చేసి వదిలేస్తారు. 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన హైదరాబాదీ హలీమ్ విషయంలో ఇంకో అడుగు ముందుకు వేశారు. అక్కడ పాత్రను మట్టితో, ఇటుకతో కట్టిన భట్టీలోనే కూర్చోబెడతారు. రంజాన్ నెలలో రోడ్ల పక్కన లేచే ఆ భట్టీలు చూడటానికి మొరటుగా ఉంటాయి. కాని మట్టి గోడ మందాన ఒకసారి వేడి ఎక్కిందంటే, కట్టెలు తగ్గించినా గోధుమలు, మాంసం కలిసిన ఆ ముద్ద గంటల తరబడి ఉడుకుతూనే ఉంటుంది. పాతబస్తీలో రాత్రి పొయ్యి మీదికెక్కి తెల్లవారే సరికి గిన్నెల్లోకి దిగే నహారీ, పాయా కూడా సన్నసెగకూ సమయానికీ పుట్టిన పిల్లలే.

ఇక్కడ ఒక మెలిక ఉంది. పెళ్లి వంటలో నూరు లీటర్ల డేగిసా చేసే పనిని ఇంట్లో రెండు లీటర్ల గిన్నె చేయలేదు. వేడి నిలవ ఉండేది పాత్ర ఘనపరిమాణంలో, పోయేది దాని ఉపరితలం నుంచి. పరిమాణం 50 రెట్లు పెరిగితే ఉపరితలం 13, 14 రెట్లే పెరుగుతుంది. కాబట్టి ఒకే మందం కప్పు ఉన్నప్పుడు పెద్ద డేగిసా చిన్న గిన్నె కంటే మూడున్నర రెట్లకు పైగా నెమ్మదిగా చల్లారుతుంది. ఇంట్లో కిలో బిర్యానీకి దమ్ పెట్టేటప్పుడు అడుగున పెనం పెట్టి సన్నసెగ కొనసాగించేది ఇందుకే. ఆ సెగ స్థానంలో బొంత పెడితే సరిపోదా అని అనిపించవచ్చు. పక్కీ బిర్యానీకి, అంటే ముందే ఉడికించిన మాంసానికి, బాగానే సరిపోతుంది. పచ్చి మాంసం అడుగున పరిచే కచ్చీ బిర్యానీకి మాత్రం పనికిరాదు. పెరుగులో ఊరిన చల్లటి మాంసం పైన వేసిన అన్నం వేడినంతా లాగేసుకుంటుంది. గిన్నె మొత్తం గోరువెచ్చగా మిగులుతుంది. రుచి పోవడం సంగతి అలా ఉంచితే అది ఆరోగ్యానికే ప్రమాదం.

ఇంట్లో చేసుకునే ఏర్పాటు సంగతి చూద్దాం. మూడు లీటర్ల నిండు గిన్నెను ఉత్తగా గట్టు మీద పెడితే మొదట్లో గంటకు 25 నుంచి 30 డిగ్రీల వేగంతో చల్లారుతుంది. అయిదు సెంటీమీటర్ల మందాన దూదో, పాత బట్టలో, వరిగడ్డో అన్ని వైపులా ఒత్తుగా ఉంటే ఆ వేగం లెక్క ప్రకారం గంటకు నాలుగు డిగ్రీలకు పడిపోతుంది. మూత దగ్గర సందులు, బొంత మడతల మధ్య ఖాళీలు ఉంటాయి కాబట్టి ఆచరణలో ఆరేడు డిగ్రీలు అనుకోవడం మేలు. అయినా రెండు గంటల తరువాత గిన్నె 80 డిగ్రీలకు పైనే ఉంటుంది. లీటరు గిన్నెకు ఇంత ఓపిక ఉండదు. సగం నింపిన పెద్ద గిన్నె ఇంకా అన్యాయం. లోపలి ఖాళీని వెచ్చబెట్టుకుంటూనే చల్లారిపోతుంది. గిన్నె నిండా మూడు వంతులైనా పదార్థం లేనప్పుడు ఈ పద్ధతి జోలికి పోకపోవడమే మంచిది.

పెట్టెకు డబ్బు పెట్టనక్కరలేదు. పాత చీరలతో కుట్టిన బొంత, ఒక వెదురు గంప లేదా అట్టపెట్టె ఉంటే చాలు. కొత్త ఫ్రిజ్‌తోనో, టీవీతోనో వచ్చిన థర్మకోల్ ముక్కలు పెట్టె లోపలి గోడలకు బాగా నప్పుతాయి. కాని మరిగే గిన్నె తగిలితే థర్మకోల్ మెత్తబడి కరుగుతుంది, కాబట్టి మధ్యలో మందమైన బట్ట తప్పనిసరి. అడుగు భాగాన్ని చాలామంది మరిచిపోతారు. గ్రానైటు గట్టు మీద నేరుగా పెట్టిన గిన్నెకు పైన ఎన్ని బొంతలు కప్పినా కింద నుంచి వేడి జారిపోతూనే ఉంటుంది. వండిన గిన్నెనే పెట్టెలో పెట్టాలి; వేరే పాత్రలోకి మార్చితే ఆ చల్లటి పాత్ర తన వాటా తాను తీసుకుంటుంది. మూత బిగువుగా ఉండాలి. బొంత తడవకూడదు, తడిసిన బట్ట వేడిని ఆపదు.

యూరపులో దీనికి గడ్డిపెట్టె అని పేరు. 1867 పారిస్ ప్రదర్శనలో జోహాన్ సోరెన్‌సెన్ అనే నార్వే దేశస్థుడు ఇలాంటి పెట్టెను ప్రదర్శించాడు. ప్రపంచ యుద్ధాల కాలంలో బొగ్గు కరువైనప్పుడు బ్రిటన్‌లో దాన్ని ఇంటింటా వాడమని ప్రోత్సహించారు. 2008లో దక్షిణాఫ్రికాలో బట్ట సంచి రూపంలో మళ్లీ పుట్టింది. అంటే ఇంధనం అందనప్పుడు అందరికీ గుర్తొచ్చి, అందగానే మరుగున పడే వస్తువు ఇది.

అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టుకు చూస్తే చాలునని సామెత. నిలవ వేడి వంటలో ఆ సామెతను పక్కన పెట్టాలి. మెతుకు కోసం మూత తీశారంటే గిన్నెలో పేరుకున్న ఆవిరి అంతా ఒక్కసారిగా పోతుంది, పైభాగం చల్లబడుతుంది, తిరిగి వేడి ఇవ్వడానికి కింద మంట లేదు. అందుకే ఈ పద్ధతికి అలవాటు పడటంలో కష్టం చేతులకు కాదు, కుతూహలానికి. మూడు నాలుగు సార్లు నీళ్ల కొలత, సమయం రాసుకుంటే ఆ తరువాత మూత తీయవలసిన అవసరం రాదు. నీళ్ల కొలత మారుతుందని గుర్తుంచుకోవాలి. ఎగిరిపోయే ఆవిరి దాదాపు ఉండదు కాబట్టి ఒకటికి రెండు పోసే ఇంట్లో ఒకటికి ఒకటిన్నర, ఒకటి ముప్పావు చాలు. ఇది అత్తెసరు వండేవారికి తెలిసిన నేర్పే. వార్చే గంజి ఉండదు, దాంతో పోయే వేడీ ఉండదు.

పప్పు దగ్గరికి వచ్చేసరికి వ్యవహారం అంత సుళువుగా ఉండదు. కందిపప్పు మెత్తబడాలంటే గింజలోని కణాలను అతికి ఉంచే పెక్టిన్ కరగాలి. అది 85 డిగ్రీలకు దిగువన చాలా మందకొడిగా జరుగుతుంది. కాబట్టి నానబెట్టిన పప్పును పది నిమిషాలు బాగా మరగనిచ్చి పెట్టెలో పెట్టాలి, గంటన్నర నుంచి రెండు గంటలు వదలాలి. నీళ్ల గుణం కూడా పట్టించుకోవాలి. కృష్ణా, గోదావరి, మంజీరా నీళ్లు వచ్చే ఇంట్లో బాగా ఉడికిన పప్పు, బోరు నీళ్ల మీద బతికే అపార్ట్‌మెంటులో పలుకు పలుకుగా మిగిలిపోవచ్చు. కఠిన జలంలోని కాల్షియం, మెగ్నీషియం ఆ పెక్టిన్‌ను గట్టిపరుస్తాయి. బోరు నీళ్లతో పప్పు ఉడకదన్న ఇల్లాలి ఫిర్యాదు అక్షరాలా రసాయన శాస్త్రమే. వంట సోడా చిటికెడు వేస్తే ఉడుకుతుంది గాని బి1 విటమిన్ నష్టపోతుంది. వంటకు మంచినీళ్లు పట్టి ఉంచుకోవడం మెరుగు. పులుపు కూడా మెత్తబడటాన్ని అడ్డుకుంటుంది. ఖట్టీ దాల్ చేసినా, పప్పుచారు పెట్టినా చింతపండు రసం పప్పు పూర్తిగా ఉడికాకే పోయాలి. ఉప్పు సంగతిలో ఇంత పట్టింపు అక్కరలేదు.

మాంసం కూరలకు, ముఖ్యంగా ఎముకల పులుసుకు, పాయాకు ఇది తగిన పద్ధతి. గట్టి కండలోని కొలాజెన్ మెత్తటి జిగురుగా మారడానికి ఎక్కువ వేడి కంటే ఎక్కువ సేపు కావాలి. పావుగంట బాగా మరగనిచ్చి పెట్టెలో పెట్టిన పులుసు మూడు గంటలకు చిక్కగా, ముక్క చెదరకుండా వస్తుంది. ఖుబానీ మీఠా కోసం నానబెట్టిన ఆప్రికాట్లు, రాగి జావ, గోధుమ నూక పాయసం కూడా అడుగంటే భయం లేకుండా తయారవుతాయి. వేపుళ్లకు, పచ్చళ్లకు, చపాతీలకు, ఎర్రగా వేగవలసిన దేనికీ దీనితో పనిలేదు. ఉల్లిపాయ వేగడానికి 98 డిగ్రీలు చాలవు. తాలింపు చివర్లో విడిగా పెట్టుకోవాలి. తెలుగు భోజనంలో గ్యాసు ఖర్చు గణనీయంగా వేపుళ్లలో, టిఫిన్లలో, రోజుకు నాలుగైదు సార్లు టీ కాచడంలో ఉంటుంది. ఆ భాగాన్ని ఏ పెట్టే ముట్టుకోలేదు.

అసలైన పోటీ ప్రెషర్ కుక్కర్‌తో. గడ్డిపెట్టెను పొగిడేవారు దాన్ని ఎప్పుడూ మూత లేని గిన్నెతో పోల్చి చూపుతారు. అది తేలిగ్గా గెలిచే పందెం. హైదరాబాదు ఇళ్లలో కందిపప్పును మూత లేని గిన్నెలో ఉడికించేవారు ఎంతమంది? 200 గ్రాముల కందిపప్పుకు లెక్క వేద్దాం. గిన్నెలో మరుగుకు తేవడానికి 11 గ్రాములు, పది నిమిషాల మరుగుకు మరో 8 గ్రాములు. తరువాత రెండు గంటలు బొంతలో. కుక్కర్‌లో లోపలి పీడనం వల్ల వేడి 120 డిగ్రీల దాకా పోతుంది. బరువైన కుక్కర్‌తో సహా అక్కడికి చేర్చడానికి 16 గ్రాములు, మూడు విజిళ్లకు మరో నాలుగు. ఇక్కడా అక్కడా దాదాపు 20 గ్రాములే. ఒకటి రెండున్నర గంటల్లో, ఇంకొకటి అరగంటలో. పప్పుకు కుక్కర్ వాడే ఇంట్లో బొంత తెచ్చే లాభం దాదాపు సున్నా అని ఒప్పుకోవాలి.

అయితే కుక్కర్ కూడా నిలవ వేడి పెట్టెయే, దాన్ని అలా వాడితే. విజిల్ రావడమంటే అవసరానికి మించిన ఆవిరి బయటికి పోతున్నదని అర్థం. విజిల్‌ను లెక్కపెట్టడం కొలతగా పనికొస్తుంది, అంతకు మించి ప్రతి విజిల్ వ్యర్థమే. మొదటి విజిల్‌కు ముందు ఆవిరి సందడి మొదలవగానే మంట బాగా తగ్గించి, ఒకటి రెండు నిమిషాలకు ఆపేసి, పీడనం దానంతట అది దిగే దాకా కదపకుండా ఉంచితే నానబెట్టిన పప్పు ఆ పది పదిహేను నిమిషాల్లోనే ఉడుకుతుంది. ఆఫీసు వేళకు తొందరపడి కుక్కర్‌ను కుళాయి కింద పెట్టి చల్లార్చడం చాలా ఇళ్లలో కనిపిస్తుంది. కొని తెచ్చిన వేడిని నీళ్లపాలు చేయడమంటే అక్షరాలా అదే. బొంత కొనే ముందు ఈ అలవాటు మానితే, పెట్టుబడి లేకుండా పప్పు మీద అయిదో వంతు దాకా మిగిలే అవకాశం ఉంది.

భద్రత విషయంలో రాజీ కుదరదు. వండిన పదార్థం 60 డిగ్రీల కంటే దిగువకు వచ్చి అక్కడే గంటల తరబడి ఉంటే, మరుగులో చావకుండా బీజరూపంలో మిగిలిన సూక్ష్మజీవులు మొలకెత్తి పెరుగుతాయి. అన్నంలో బాసిల్లస్ సెరియస్, మాంసం కూరల్లో క్లాస్ట్రీడియం పర్‌ఫ్రింజెన్స్ ఈ కోవలోవి. రాత్రి పెట్టెలో పెట్టి పొద్దున తీసి తినడం అందుకే తగదు. మూడు నాలుగు గంటల్లో తీయాలి. తీసినప్పుడు గిన్నె చేయి పెట్టలేనంత వేడిగా, ఆవిరి లేస్తూ ఉండాలి. గోరువెచ్చగా మారి ఎంతసేపైందో తెలియకపోతే పారేయాలి, ఎందుకంటే బాసిల్లస్ విడిచిన ఒక రకం విషం మళ్లీ మరిగించినా పోదు. ఎర్ర రాజ్మాది మరింత ప్రత్యేకమైన ప్రమాదం. దానిలో సహజంగా ఉండే లెక్టిన్ అనే విషపదార్థం 80 డిగ్రీల వేడిలో నశించదు, చాలీచాలని వేడిలో దాని తీవ్రత పెరగవచ్చు కూడా. నానబెట్టిన నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో పావుగంటకు తగ్గకుండా తెర్లనిచ్చిన తరువాతే రాజ్మాను పెట్టెలోకి పంపాలి. కుక్కర్ ఉన్న ఇంట్లో రాజ్మాకు కుక్కరే నయం.

అమీర్‌పేట గదుల్లో ఉండి పరీక్షలకు చదివే విద్యార్థుల దగ్గర అయిదు కిలోల చిన్న సిలిండరు, ఒక పొయ్యి, ఇంటి నుంచి తెచ్చుకున్న హాట్ బాక్స్ ఉంటాయి. ఆ హాట్ బాక్స్ చపాతీల కోసమే పుట్టిందని అనుకోనక్కరలేదు. ఒకసారి వేడినీళ్లు పోసి వంపేసి, తెర్లే నీళ్లలో సేమియానో, గోధుమ నూకనో వేసి మూత బిగిస్తే పావుగంటలో తయారు. గుడ్లకు హాట్ బాక్స్ కూడా అక్కరలేదు. నీళ్లు మరగగానే పొయ్యి ఆపి, మూత తీయకుండా పన్నెండు నిమిషాలు ఉంచితే సొన గట్టిపడుతుంది. ఒక్కటే పొయ్యి ఉన్నచోట అసలు లాభం గ్యాసు కంటే పొయ్యి ఖాళీ కావడం. అన్నం పక్కన చుట్టుకుని ఉంటుంది, మంట మీద కూర నడుస్తుంది.

ఇండక్షన్ పొయ్యి ఉన్న ఇంట్లో లెక్క ఇంకోలా ఉంటుంది. తెలంగాణలో 2024 ఫిబ్రవరి నుంచి గృహజ్యోతి పథకం కింద అర్హత గల ఇళ్లకు నెలకు 200 యూనిట్ల వరకు కరెంటు ఉచితం. అది దాటితే ఆ నెల బిల్లు కట్టాలి. ఇండక్షన్ మీద గిన్నెకు చేరే వేడి 85 శాతం దాకా ఉంటుంది కాబట్టి, పైన చెప్పుకున్న అరకిలో బియ్యాన్ని మరుగుకు తేవడానికి యూనిట్‌లో ఎనిమిదో వంతు చాలు. రెండు పూటలకు నెలకు ఏడెనిమిది యూనిట్లు. ఆరేడు నిమిషాలు కరెంటు, తక్కినది బొంత. 200 గీతకు ఇవతలే ఉండే చిన్న కుటుంబానికి ఇది మంచి జోడీ. మే నెలలో ఫ్యాన్లు, కూలర్లతో గీత దగ్గరికి చేరిన ఇంట్లో మాత్రం చివరి పది యూనిట్లు చాలా ఖరీదైనవి కావచ్చు.

వేసవిలో ఇంకో ప్రయోజనం ఉంది, దాన్ని గ్రాముల్లో చెప్పలేం. బయట 40 డిగ్రీలు దాటినప్పుడు గిన్నెకూ గాలికీ మధ్య తేడా తగ్గుతుంది, పెట్టె ఇంకా నెమ్మదిగా చల్లారుతుంది. అంతకంటే ముఖ్యంగా, పడమటి గోడ కాగిపోయిన అపార్ట్‌మెంటు వంటింట్లో సన్నసెగ మండే అరగంట తగ్గుతుంది, ఆవిరి తగ్గుతుంది. అక్కడ నిలబడి వండే మనిషికి ఆ అరగంట విలువ నాలుగు శాతం కంటే చాలా ఎక్కువ.

గ్యాసు మిగిలిందో లేదో తేల్చుకోవడానికి ఇంట్లో ఉన్న కొలత చాలు. సిలిండరు బిగించిన తేదీని క్యాలెండర్ మీద రాసే అలవాటు చాలా వంటిళ్లలో ఉంది. రెండు మూడు సిలిండర్ల దాకా చూడాలి, పండగలు, చుట్టాలు వచ్చిన నెలలను వదిలేయాలి. భాగ్యనగర్ గ్యాస్ పైపులైను ఉన్న ఇళ్లలో మీటరు చూసి ఒక వారం అలా, ఒక వారం ఇలా వండితే ఇంకా త్వరగా తేలుతుంది.

డిసెంబరులో రాత్రి వేడి పదిహేను డిగ్రీలకు దిగువకు పడిపోయినప్పుడు హైదరాబాదులో తోడుపెట్టిన పాలు పొద్దుటికి పాలలాగానే ఉంటాయి. గోరువెచ్చని పాలలో తోడు వేసి, రాత్రి ఖాళీగా ఉన్న ఆ పెట్టెలోనే గిన్నెను చుట్టి పెడితే గంటల తరబడి వెచ్చదనం నిలిచి, తెల్లవారే సరికి పెరుగు కత్తితో కోసేంత గట్టిగా తోడుకుంటుంది. గ్యాసు లెక్కలో దీనికి పద్దు లేదు.